కొత్త మాటకే వెలిగే దీపం

దీపం పెట్టింది ప్రసూనే. పెట్టమని ఆమెనెవరూ అడగలేదు.

ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. ఎందుకంటే తరవాత ఆ గోరంత ఆకుపచ్చ దీపాన్ని ఆమె తిట్టని తిట్టు లేదు. తన చేత్తో తాను పెట్టుకున్నదాన్ని తిట్టుకోవడం లోకంలో ఉన్నదేగా.

ఆమె భర్త దివాకర్ విశాఖ ఓడరేవులో పైలట్. విమానాల పైలట్ కాదు. బయట సముద్రంలో ఆగిన ఓడ మీదికి తాడునిచ్చెన ఎక్కి వెళ్ళి, దాన్ని క్షేమంగా రేవులోకి తెచ్చే మనిషి. ఒక వానాకాలం పొద్దున ఆ నిచ్చెన మీంచి జారాడు. కింద పడవ అంచుకి తల కొట్టుకుంది. ప్రాణం దక్కింది, పాత సంగతులన్నీ దక్కాయి. కొత్తది మాత్రం ఒక్కటీ తలలో నిలవలేదు. తాగిన కాఫీ కప్పు కింద పెట్టేలోగా, కాఫీ ఇవ్వలేదేమని అడిగేవాడు.

ప్రసూన భీమిలి రోడ్డులో ఒక పరిశోధనాలయంలో ఇంజనీరు. అక్కడ చక్రపాణి అనే పెద్దాయన ఇలాంటివాళ్ళ కోసమే ఒక డ్రైవ్ తయారుచేశాడు. కంప్యూటర్లలో ఉండే సాలిడ్ స్టేట్ డ్రైవ్ లాంటిదే, అగ్గిపెట్టె కన్నా సన్నం. తల నిలుపుకోలేనిదాన్ని అది నిలిపి, మనిషికి అవసరమైనప్పుడు అందిస్తుంది. మొదట దాన్ని దివాకర్ మెడ ఎముక కింద, చర్మం లోపల పెట్టి కుట్టారు. జ్ఞాపకాలు నిలిచాయి. కానీ పనిచేసినకొద్దీ డ్రైవ్ కాగిపోయేది. అతనికి జ్వరం తగ్గేది కాదు, పైన చర్మం బొబ్బలెక్కింది. తీసేయక తప్పదన్నారు డాక్టర్లు.

"తీసి పారేయడమెందుకు? బయట పెడదాం," అంది ప్రసూన.

యంత్రాలు వేడెక్కకుండా తొడుగులు చేయడమే ఆమె పని. ఆ పనిలో ల్యాబులో ఆమెను మించినవాళ్ళు లేరు. అల్యూమినియంతో, వీపున సన్నని రెక్కలతో, మూడు వేళ్ళ వెడల్పు డబ్బీ ఒకటి చేసింది. లోపల డ్రైవ్‌కీ లోహానికీ మధ్య వేడిని లాగేసే మెత్తని పొర పెట్టింది. నరాల భాషని డ్రైవ్ భాషలోకి మార్చే చిప్పు ఒకటి అమర్చింది, డబ్బీ పైన ఆ ఆకుపచ్చ దీపం పెట్టింది. డబ్బీ నుంచి ఒక తీగ చెవి వెనక సాకెట్‌లోకి వెళ్తుంది. తీగ మూరెడు దాటితే దివాకర్ మాట తడబడింది. అందుకని డబ్బీని జబ్బకి కట్టారు, తాయెత్తులాగా.

తగిలించిన రోజున చక్రపాణి అతని ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఇది విన్నదల్లా రాసుకోదమ్మా," అన్నాడు ప్రసూనతో. "మనిషి ముందే అనుకునేదాన్ని రాయదు. అనుకోనిదాన్నే రాస్తుంది. మిగతాది ఆ పూటకి పట్టి ఉంచి వదిలేస్తుంది, చోటు దండగ చేయదు. కావాలంటే చూడు." దివాకర్ వైపు తిరిగాడు. "సముద్రం నీళ్ళు ఉప్పగా ఉంటాయండీ."

దీపం వెలగలేదు.

"మా మనవరాలు పొద్దున నా పళ్ళసెట్టు బియ్యం డబ్బాలో దాచింది."

దీపం టక్కున వెలిగి ఆరింది. దివాకర్ పగలబడి నవ్వాడు.

"బాగుంది గానీ, ఈ దీపమెందుకమ్మా?" అన్నాడు చక్రపాణి.

"రాస్తుండగా తీగ పీకకూడదు కదండీ. ఇంట్లోవాళ్ళకి తెలియొద్దూ?"

నిజమే. ఏ డ్రైవ్ డబ్బాకైనా అలాంటి దీపం ఒకటి ఉంటుంది. కానీ ఏ డబ్బాకీ అవతల మొగుడుండడు.

*

మొదట్లో ఇల్లు పండగలా ఉండేది. దివాకర్ కాఫీ తాగి, తాగానని గుర్తుపెట్టుకునేవాడు. కూరగాయలకి వెళ్ళి ఇంటికి తిరిగొచ్చేవాడు. పెదవాల్తేరులో వాళ్ళ అద్దె ఇంటి వరండాలో కూర్చుని, వచ్చే పోయేవాళ్ళని పేరుపెట్టి పలకరించేవాడు. డబ్బీ వేడెక్కలేదు, జ్వరం రాలేదు. ప్రసూన పనితనాన్ని ల్యాబంతా మెచ్చుకుంది. ఆమె పొంగిపోయింది.

ఒక సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతూ ఎప్పటిలాగే చెప్పుకుపోయింది. బస్సులో సీటు దొరకలేదని, కండక్టరు చిల్లర ఎగ్గొట్టాడని, మేనేజరు మళ్ళీ మీటింగ్ పెట్టాడని. దివాకర్ తలూపుతూ విన్నాడు. ఆమె చూపు ఎందుకో అతని జబ్బ మీద పడింది. దీపం వెలగలేదు. తలనొప్పిగా ఉందంది. వెలగలేదు. రేపు పెసరట్టు వేస్తానంది. వెలగలేదు.

కారణం ఆమెకి తెలియకపోతే కదా. అనుకునేదాన్ని రాయదు. పదేళ్ళు దాటిన కాపురంలో ఆమె నోట అతను అనుకోని మాట ఎక్కణ్ణుంచి వస్తుంది? అంతా తెలుసు. తెలిసినంత మాత్రాన మంట చల్లారుతుందా? రేపటికి అతనిలో ఆమె ఇవాళ్టి మాట ఒక్కటీ ఉండదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా అనుకుంది.

మర్నాడు సెలవు. వంటింట్లో ఉండగా వరండాలోంచి మాటలు వినిపించాయి. జాలరిపేట నుంచి చేపలు తెచ్చే నూకరత్నం గంప దించి, గోడకి ఆనుకుని కూర్చుంది.

"బాబూ, ఇయాల చందువాలు బేగా అయిపోనాయి. నీకోసం రెండు దాసినాను."

"నా మీద నీకెంత ప్రేమ, నూకరత్నం."

"పేమ కాదు బాబూ, బేరం. సెప్తాను ఇను. మా మరిది వలలో రేతిరి ఏటి పడిందో తెల్సా? తాబేలు. గంగాళమంత ఉంది. పాపం కదాని వల కోసీసి ఒగ్గీసినారు. వల డబ్బులు ఎవుడిస్తాడని మా తోటికోడలు ఒకటే రాగాలు."

ప్రసూన కిటికీలోంచి చూసింది. దీపం వెలుగుతోంది. నూకరత్నం తాబేలు అంది, వెలిగింది. వల కోశారంది, వెలిగింది. తోటికోడలి రాగం తీసి వినిపిస్తే ఆరకుండా వెలిగింది.

నూకరత్నానికి యాభై దాటాయి. ముందు పళ్ళు రెండు లేవు. ఆమె దగ్గర చేపల వాసన తప్ప మరో వాసన రాదు. అలాంటి మనిషి మీద అసూయేమిటని ఎవరైనా ప్రసూననే అడగొచ్చు. ఆమె తన్ను తానే అడుక్కుంది కూడా. అయినా కన్ను కుట్టింది. వయసు చూసీ అందం చూసీ కుట్టే కన్ను కాదది, దీపం చూసి కుట్టే కన్ను. డబ్బీ చేసి మనిషిని నిలబెట్టిన తన మాట నీళ్ళలో కలిసిపోతుంటే, తాబేలు అతనిలో శాశ్వతంగా కాపురం పెట్టిందా అని ఒళ్ళు మండింది. చందువాల పులుసులో ఆ పూట ఉప్పు ఎక్కువైంది. దానికి దీపం ఒకసారి వెలిగింది.

*

ఆదివారాలు డబ్బీ విప్పి శుభ్రం చేసే రోజు. ఊళ్ళో సముద్రపు గాలి దేన్నీ వదలదు. తీగ మొనకి చిలుము పట్టకుండా స్పిరిట్‌తో తుడవాలి, రెక్కల మధ్య దుమ్ము ఊదాలి, మెత్తని పొర ఎండిపోతే మార్చాలి. దీపం ఆరి ఉండగా చూసి ప్రసూన తీగ తీసేది. అది మళ్ళీ తగిలించేదాకా దివాకర్ పాత దివాకరే.

"ప్రసూనా, నువ్వెప్పుడొచ్చావ్?" అనేవాడు, మొహం విప్పారుతూ.

"ఇప్పుడే."

కాసేపాగి మళ్ళీ, "ప్రసూనా, నువ్వెప్పుడొచ్చావ్?"

ప్రతిసారీ అంతే సంతోషం. డ్రైవ్ లేని మొగుడికి ఆమె క్షణక్షణానికీ కొత్త. ఆ డబ్బీ తుడవడానికి అంత సేపు అక్కర్లేదు. కానీ ఆమె తుడిచిన రెక్కనే మళ్ళీ తుడిచేది. నేనింత మంచి డబ్బీ ఎందుకు చేశానని ఒకటికి రెండుసార్లు అనుకుంది కూడా. తరవాత సిగ్గుపడి తీగ తగిలించేది. అతని మొహంలో ఆ విప్పారడం సర్దుకునేది. "అయిందా? కాఫీ పెట్టనా?" అనేవాడు మామూలుగా.

ఆమె తనకు తోచినవన్నీ చేసి చూసింది. కొత్త చీర కట్టింది. ఒకసారి వెలిగింది, రెండోసారి కట్టినప్పుడు లేదు. జుట్టు కత్తిరించుకుంది. అదీ ఒక్కసారే. ఇంట్లో ఎన్నడూ చేయని గోంగూర పచ్చి రొయ్యలు చేసింది. వెలిగింది గానీ, "ఇది నూకరత్నం చెప్పిన పద్ధతేనా?" అని అడిగాడు అతను. ఆమె రొయ్యల జోలికి మళ్ళీ పోలేదు.

ఒకరోజు అన్నం తింటుండగా ఆమె నోట్లోంచి అనుకోకుండా ఒక అబద్ధం వచ్చింది.

"మా తాతగారు అరకులో పులిని గొడుగుతో తరిమారు తెలుసా?"

దీపం వెలిగింది. దివాకర్ ముద్ద చేతిలో పట్టుకునే ఆగిపోయాడు. "గొడుగుతోనా? నాకెప్పుడూ చెప్పలేదే."

"చెప్పే సందర్భం రాలేదు."

ఆ పూట ఆమెకి అన్నం తియ్యగా ఉంది. అతను ఆమెనే చూస్తూ అడుగుతున్నాడు, పులి ఎంత దూరంలో ఉంది, గొడుగు నల్లదా, తరవాత ఏమైంది. ప్రతి జవాబుకీ దీపం వెలుగుతోంది. అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. ఆమె ఇంజనీరు, అతికించడం బాగా తెలుసు. మర్నాడు మేనత్త సర్కస్‌వాడితో లేచిపోయిందంది. ఆ తరవాత చిన్నప్పుడు తను సినిమా హాల్లో తాళం పడి రాత్రంతా ఉండిపోయిందంది. రోజుకో కథ. ఆ ఇల్లు రోజూ దీపావళే.

వారం తిరక్కుండానే వరండాలోంచి నూకరత్నం గొంతు వినిపించింది.

"ఏటమ్మా, మీ తాత పులిని గొడుగెట్టి కొట్టీసినాడంట? బాబు సెప్తంటే నవ్వలేక సచ్చినాను."

దివాకర్ కూడా కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుతున్నాడు. అతని కోసం తను కట్టిన కథని నూకరత్నానికి పంచాడా! ప్రసూన గుమ్మంలో నిలబడి, "రేపట్నుంచి చేపలు వద్దు నూకరత్నం, మేం మానేశాం," అంది.

"నిన్ననే గదమ్మా, బాబు కోనాం తెమ్మన్నాడు."

"బాబుగారికి పడదు."

నూకరత్నం ఇద్దరి మొహాలూ చూసి, గంప నెత్తికెత్తుకుంది. "సరేలే అమ్మా. నాకేటి, ఇంకో ఈధిలో అమ్ముకుంటాను," అని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం దివాకర్ ఎక్కువ మాట్లాడలేదు. ప్రసూనకి కోపం, దుఃఖం కలిసి వచ్చాయి. చేపలావిడ కోసం ఇంత బెంగా? తన కోసం ఒక్కనాడైనా ఇలా కూర్చున్నాడా? నేను పడే మంట ఎలా ఉంటుందో ఇతనికీ తెలియాలి అనిపించింది. అలా అనిపించాక నోరు ఆగలేదు.

"నీకొక సంగతి చెప్పాలి," అంది. "నువ్వు ఆసుపత్రిలో ఉన్నప్పుడు మా ల్యాబులో సారథి అని ఒకతను ఉండేవాడు. నన్ను రోజూ స్కూటర్ మీద దింపేవాడు. నువ్విక బాగుపడవని అందరూ అంటుంటే, పెళ్ళి చేసుకుంటానన్నాడు. నేను వెంటనే కాదనలేకపోయాను."

సారథి అనేవాడు ఎక్కడా లేడు. ఆ పేరు ఆమెకి ఆ క్షణాన తోచింది, స్కూటరు దాని వెనకాలే వచ్చింది. దీపం వెలిగింది. ఇంతకు ముందెన్నడూ అంతసేపు వెలగలేదు. డబ్బీ రెక్కలు వేడెక్కి, దివాకర్ చేత్తో జబ్బ తడుముకున్నాడు.

"తరవాత?" అన్నాడు మెల్లిగా.

"తరవాత ఏముంది? ఉద్యోగం మారి వెళ్ళిపోయాడు."

దివాకర్ లేచి కాఫీ పెట్టుకొచ్చాడు. ఆమె కప్పు ఆమె చేతికిచ్చి, ఎందుకో తల నిమిరాడు.

*

అప్పట్నుంచి దివాకర్ మారాడని ప్రసూన గమనించింది. వరండాలో కూర్చోవడం మానేశాడు. నూకరత్నం వీధిలో కేకేస్తూ పోతే లేచి చూడలేదు. ఆమె ఇంటికొచ్చే వేళకి బస్‌స్టాప్‌లో నిలబడేవాడు. బస్సు దిగుతుంటే ఆమె వెనక ఎవరు దిగుతున్నారా అన్నట్టు చూసేవాడు. అలా చూస్తున్నాడని ఆమె అనుకుంది. ఆమె మాట్లాడితే మొహంలోకే చూస్తూ వినేవాడు. ఆ చూపు ప్రేమో అనుమానమో తేల్చుకోలేక చచ్చింది. కావాలని కోరుకున్న చూపే అది, వచ్చాక భరించలేకపోయింది.

ఒకసారి అన్నం వడ్డిస్తూ అడిగాడు. "ఆ సారథి స్కూటరు ఏ రంగు?"

"నాకు గుర్తులేదు."

"పులి గొడుగు రంగు గుర్తుందే," అని నవ్వాడు. ఆ నవ్వు ఆమెకి ముల్లులా గుచ్చుకుంది. పరీక్షిస్తున్నాడనుకుంది.

మర్నాడు చక్రపాణి గదికి వెళ్ళి తలుపు వేసింది.

"అందులోంచి ఒక్క సంగతి తీసేయొచ్చాండీ?"

"ఏ సంగతమ్మా?"

"తప్పుడు సంగతి. నేనే చెప్పాను."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఎందుకు చెప్పావని అడగలేదు. "ఒక్కటే తీయడం కుదరదు తల్లీ. జ్ఞాపకాలు అందులో వడ్లగింజల్లా విడివిడిగా ఉండవు, నేతలా ఉంటాయి. ఒక పోగు లాగితే ఎక్కడిదాకా వస్తుందో నాకే తెలియదు. మొత్తం తుడిచేయొచ్చు. తుడిస్తే దెబ్బ తగిలిన రోజు నుంచీ ఏదీ ఉండదు."

"మరి దారేమిటి?"

"నిజం చెప్పు. పాతదాని పక్కన కొత్తది రాసుకుంటుంది. ఆ తరవాత దేన్ని నమ్మాలో డబ్బీ చెప్పదు, ఆయనే చూసుకుంటాడు. అంతకన్నా సులువైనది ఇంకేముంది?"

సులువే. బస్సులో దారి పొడుగునా మాటలు కూర్చుకుంది. దీపం వెలగాలి. వెలిగితే రాసుకున్నట్టు. రాసుకుంటే చాలు, తన సంసారం తనకి దక్కినట్టు. ఆ రోజు దివాకర్ బస్‌స్టాప్‌లో లేడు. ఇంట్లో పెసరట్టు పిండి రుబ్బుతున్నాడు. సాయంత్రపు ఎండ వంటింటి గట్టు మీద పడుతోంది. ఆమె గ్రైండరు ఆపి, అతన్ని బల్ల దగ్గర కూర్చోబెట్టింది. జబ్బ తన వైపుకి తిప్పుకుని, దీపం కనిపించేలా ఎదురుగా కూర్చుంది.

"దివాకర్, నేను చెప్పిన సారథి లేడు. అలాంటివాడు ఎప్పుడూ లేడు. అది అబద్ధం."

దీపం వెలగలేదు.

ఆమె తీగ వదులైందేమోనని నొక్కి చూసింది. గట్టిగానే ఉంది. మళ్ళీ అంది. "వింటున్నావా? నేనే కల్పించాను. నీ చూపు నా మీద నిలవాలని, ఆ నూకరత్నం మీద కోపంతో, నోటికొచ్చింది అనేశాను. స్కూటరు లేదు, పెళ్ళి మాట లేదు. ఒట్టు."

"సరేలే," అన్నాడు దివాకర్, చిన్నగా నవ్వుతూ. "దానికింతగా చెప్పాలా?"

దీపం మాత్రం వెలగలేదు. ఒక్కసారి మిణుక్కుమన్నా లేదు.

ఆమెకి అంతా అర్థమైందనిపించింది. తను కాదంటుందని అతను ముందే అనుకున్నాడు. తప్పు చేసిన ఏ పెళ్ళామైనా కాదనే అంటుంది, ఇందులో రాసుకోవడానికేముంది? ఎన్ని ఒట్లు పెట్టినా ఆ డబ్బీకి అది పాత మాటే. ఆ నవ్వు జాలి నవ్వు. ఆ సరే, పోనీ పాపమనే సరే. తాబేలుని నమ్మావు, తోటికోడలి రాగాన్ని నమ్మావు, నేను ఏడుస్తూ చెప్పిన నిజానికి నీలో ఇంత చోటు లేకపోయిందా! మాటలు నాలుక మీదికి వచ్చేశాయి.

"సరే, నువ్వనుకున్నదే నిజం. సారథి ఉన్నాడు. నేనే అతన్ని కావాలనుకున్నాను. చాలా?"

దీపం వెలిగింది.

ఆరలేదు. ఆకుపచ్చగా, నిలకడగా వెలుగుతూనే ఉంది. అల్యూమినియం వేడెక్కిన వాసన వచ్చింది. రాస్తుండగా తీగ పీకకూడదు. ఆ నియమం పెట్టింది ఆమే. చేయి తీగ దాకా వెళ్ళి ఆగిపోయింది.

దివాకర్ మొహంలోంచి నవ్వు పోయింది. అతను ఆమె వైపు కాక, బల్ల వైపు చూస్తూ అన్నాడు.

"నీ మిగతా కథల్లాగే ఇదీ కథేననుకున్నాను, ప్రసూనా. మొదటిరోజు నుంచీ."

"కథే," అంది ఆమె. కుర్చీ తోసుకుని లేచింది. "దివాకర్, ఇటు చూడు. కథే. అది అబద్ధం."

దీపం మళ్ళీ వెలిగింది. ఇందాక ఇదే మాటకి అది వెలగలేదు. ఇందాక అతనికది తెలిసిన సంగతి.